ముప్పైఆరు ఖాళీ తూటాలు

ఖఫ్జీ,
6 అక్టోబర్ 2023

పీరయ్య మామకు బీబీజాన్ సలాం.

నేను బాగున్నాను. ఇక్కడ సౌదీలో ఎండలు తగ్గాయి గానీ ఈ ఇంట్లో వాళ్లు ఇంకా ఏసీ కట్టెయ్యరు. నేను భుజాల మీద దుప్పటి వేసుకుని వంట చేస్తున్నాను. చూసినవాళ్లు జ్వరమొచ్చిందనుకుంటున్నారు.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని బద్రున్నీసా అత్త నవ్వుతుంది. నువ్వు ఫోన్‌ను టార్చిలైటుగా తప్ప దేనికీ వాడవు. మా ఇంటి ఫోనేమో మా నాయన చేతిలో ఉంటుంది. సంగతి తూటాల గురించి. ఆ మాట చెవిన పడితే ఆయన ఆ పూట అన్నం ముట్టడు. ముప్పై ఏళ్ల కింద ఫైరింగు ప్రాక్టీసు రోజున ఒక్క ఖాళీ తూటా లెక్కకు తక్కువైందనే కదా ఆయన పోలీసు ఉద్యోగం పోయింది. అప్పుడు తుపాకులు, తూటాల లెక్క చూసే ఆర్మరర్‌వి నువ్వే, నీకు నేను చెప్పేదేముంది. అందుకే సెలవు మీద వస్తున్న మనూరాయన చేత ఇది పంపుతున్నాను. నీ చేతికే ఇస్తాడు.

మా ఇంటి పెద్దాయనను బాబా అంటాం. ఆయిల్ కంపెనీలో చేసి రిటైరయ్యాడు. పెరటి వైపు గదిలో ఆయన పాత తుపాకులు ఐదున్నాయి, అన్నిటికీ లైసెన్సు కాగితాలున్నాయి. అందులో ఒకటి వాళ్ల తాతది. డ్రైవర్ రఫీ, హైదరాబాదతను, అది త్రీనాట్‌త్రీ అని చెప్పాడు. ఆ గదిలో చెరకు రసం మిషను లాంటిదే చిన్నది ఒకటి బల్లకు బిగించి ఉంది. పక్కన బంగారం తూచేలాంటి తరాజు. బాబా దాని ముందు కూర్చున్నప్పుడు ఎవరూ లోపలికి పోకూడదు. నేను టీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తాను.

పోయిన వారం ఒక బిస్కెట్ డబ్బా నిండా ఖాళీ తూటాలు నా చేతికిచ్చి కడగమన్నాడు. ఇత్తడే కదా అని చింతపండు పట్టించి తోమాను. తళతళలాడాయి. బాబా ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూసి, పదకొండేళ్లుగా సబ్బుతో కడిగి పాడుచేసుకున్నానే అన్నాడు. నేను మాత్రం కడుగుతూ ఒక్కొక్కటే ఎంచి పెట్టుకున్నాను. అవి అలా డబ్బాలో పడి ఉండొచ్చా మామా? డిసెంబరులో నా ఇఖామా, ఇక్కడుండే పర్మిషన్ కాగితం, కొత్తది చేయించాలి. బాబా చేయించకపోతే ఇంటికి రావడమే, మా అమ్మాయి అనమ్ నర్సింగు చదువు సగంలో ఆగడమే. నాయన ఉద్యోగం తూటా మింగింది, నాది కూడా మింగుతుందేమోనని భయంగా ఉంది.

నీ మేనకోడలు,
బీబీజాన్


రాయచోటి,
21 అక్టోబర్ 2023

అమ్మా బీబీ,

ఉత్తరం అందింది. తెచ్చినాయన నాకు ఖర్జూరాలు కూడా ఇచ్చాడు. నువ్వు పంపినవో ఆయన సొంతమో తెలియక రెండు తిని మిగతావి దాచాను. ఏ సంగతో రాయి.

త్రీనాట్‌త్రీ! ఆ పేరు చదివి మీ అత్తను పిలిచి మళ్లీ చదివి వినిపించాను. ఆమెకు అది సవతి కదా, మూతి తిప్పుకుంది. ఇరవైరెండేళ్లు కాపురం చేశాను దాంతో. బురదలో పడేసినా, వానలో నానబెట్టినా, తుడిచి నూనె రాస్తే మాట వింటుంది. ఇప్పుడొచ్చేవన్నీ అలిగే పెళ్లికూతుళ్లు. బాబా తుపాకి పట్టు దగ్గర ఇనుప కట్టు ఉంటుంది, దాని మీద ఏ సంవత్సరం కొట్టి ఉందో చూసి రాయి. గొట్టం లోపల నూనె గుడ్డతో తుడుస్తున్నాడా, ఉత్త గుడ్డతోనా? ఉత్త గుడ్డయితే నా మాటగా చెప్పు, పాపం తగులుతుందని.

ఇక అసలు మాట. ఖాళీ తూటాలు ఇంట్లో విడిగా పడి ఉండకూడదు. డిపార్టుమెంటులో ఎన్ని కాలిస్తే అన్ని ఖాళీలు తిరిగి రావాలి. ఒకటి తగ్గితే పై వాడికేం కాదు, కింది వాడి మెడకు చుట్టుకుంటుంది. ఆ ఇంట్లో కింది వాడెవరు? నువ్వు. రేపు ఎవరో వచ్చి లెక్క చూసి ఒకటి తక్కువంటే, గది ఊడ్చేదెవరంటారు.

కాబట్టి మేం చేసినట్టే చెయ్యి. ఒకటికి రెండుసార్లు ఎంచు. తర్వాత ఒక్కొక్కదాన్నీ సుత్తితో అణగ్గొట్టు. అణగ్గొట్టిన తూటా ఎవరికీ పనికిరాదు, దాంతో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేరు. మేం పాత ఇత్తడి కింద పంపే ముందు అలాగే చేసేవాళ్లం. గుడ్డలో మూటగట్టి, సంఖ్య వేసి చీటీ పెట్టి, సాక్షి ముందు బాబా చేతికివ్వు. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
పీరయ్య, ఆర్మరర్ (రిటైర్డు)


ఖఫ్జీ,
12 నవంబర్ 2023

మామకు సలాం.

ఖర్జూరాలు నేను పంపినవే. మిగతావి కూడా తిను, డబ్బా అత్తకివ్వు.

నువ్వు చెప్పినట్టే చేసేశాను. బాబా కళ్ల పరీక్షకు ధహ్రాన్‌లో కూతురింటికి పోయి వారమైంది. తుపాకుల లైసెన్సు కొత్తది చెయ్యడానికి రేపో ఎల్లుండో మనుషులొచ్చి గది చూస్తారని రఫీ చెప్పాడు. నీ ఉత్తరం తీసి మళ్లీ చదువుకున్నాను. సుత్తి లేదు, పచ్చడి బండ ఉంది. పెరట్లో గోనె పరిచి కూర్చుని ఒక్కొక్కటే అణగ్గొట్టాను. వాటి మెడలు మెత్తగానే ఉన్నాయి గానీ అడుగులు మహా గట్టివి. ఇంటి మదాం కిటికీలోంచి చూసి కొబ్బరి పగలగొడుతున్నాననుకుని కొంచెం తనకూ పెట్టమంది.

మొత్తం ముప్పైఆరు. కడిగినప్పుడు నలభై ఎంచినట్టు గుర్తు. నాలుగు తగ్గాయి. గదంతా వెతికితే ఆ నాలుగూ మిషను కింది సొరుగులో విడిగా ఉన్నాయి. సొరుగుకు తాళం. అద్దంలోంచి కనబడుతున్నాయి కాబట్టి లెక్క సరిపోయింది. చీటీ ఇలా రాశాను: "ముప్పైఆరు ఖాళీ తూటాలు, అణచబడినవి, అప్పగించడమైనది. బీబీజాన్." బాబాకు తెలుగు రాదు. అయినా రాతకు రాత ఉండాలి కదా. సాక్షి రఫీ.

ఇనుప కట్టు మీద 1917 అని ఉంది. తుడిచేది నూనె గుడ్డతోనే, నువ్వు పాపం పెట్టనక్కర్లేదు. బాబా ఎల్లుండి వస్తాడు. మూట చూసి ఏమంటాడో రాస్తాను. ముప్పై ఏళ్లకు నాకు తూటా అంటే భయం పోయింది మామా, నీ దయ.

బీబీజాన్


రాయచోటి,
14 నవంబర్ 2023

బీబీ,

ఇది అందేలోపు ఏమీ చేసి ఉండకు. కొట్టొద్దు. ఒక్కటి కూడా కొట్టొద్దు.

నీ ఉత్తరాన్ని నిన్న మీ అత్తకు మొదటి నుంచి చదివాను. నేను త్రీనాట్‌త్రీ దగ్గరే ఆగిపోయాను, ఆమె మిగతాది కూడా వింది. మిషనెందుకు, తరాజెందుకు అని అడిగింది. నాకేం తెలుసన్నాను. "మనం ఖాళీ సీసాలో మళ్లీ నూనె పోసుకోమా? ఆయన గూడా అదే చేస్తాండాడు" అంది. నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో మాకు తూటాలు పెట్టెల్లో వచ్చేవి, ఖాళీలు లెక్కకు పోయేవి. ఖాళీని మళ్లీ నింపుకునే మనుషులుంటారని విన్నాను గానీ ఆలోచన ఆ వైపు పోలేదు. పాత తుపాకీకి తూటాలు దొరకవు కాబట్టి ఆయన ఆ ఇత్తడిని పదకొండేళ్లుగా దాచుకుని నింపుకుంటున్నాడు. ఆ ఖాళీలు ఆయనకు బంగారం.

కొరియర్‌లో పంపుతున్నాను. అల్లా దయవల్ల నువ్వు బద్ధకస్తురాలివై ఉండాలి.

పీరయ్య


ఖఫ్జీ,
20 నవంబర్ 2023

మామకు సలాం.

నీ రెండు ముక్కల ఉత్తరం నిన్న వచ్చింది. చేతులు కాలాక ఆకులొచ్చాయి.

లైసెన్సు మనుషులింకా రాలేదు, బాబా మాత్రం పద్నాలుగున వచ్చాడు. రఫీని పక్కన నిలబెట్టుకుని మూట చేతికిచ్చాను. మెచ్చుకుంటాడని నవ్వుతూ నిలబడ్డాను కూడా. ఆయన ముడి విప్పి చూశాడు. ఒకటి తీసి వేళ్లతో మెల్లగా విప్పబోయాడు, నలిగిన కాగితం సాపు చేసినట్టు. అది రాలేదు. కుర్చీలో కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

తర్వాత రఫీ చెప్పాడు. ఫిబ్రవరిలో బాబా మనవడి పెళ్లి. పెళ్లిలో కాల్చడం ఇక్కడ నేరం, అందుకని ఆ పొద్దున పర్మిషనున్న ఫైరింగు రేంజికి పోయి, తాత తుపాకిని మనవడి చేతికిచ్చి కాల్పించాలని బాబా ఆశ. ఆ తూటాలు ఆ రోజు కోసం. కొత్త ఇత్తడి బయటి దేశం నుంచి తెప్పించాలంటే కాగితాలకే ఏడాది.

సాయంత్రం బాబా పిలిచి ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను, నాకు తెలియక చేశాను అన్నాను. నీ పేరెత్తలేదు. కొట్టింది నా చెయ్యే కదా. ఆయన తలూపి లోపలికి పోయాడు. అప్పటి నుంచి నాతో పని మాట తప్ప ఇంకో మాట లేదు. టీ సగం వదిలేస్తున్నాడు. ఇఖామా గడువు ఇంకా ఇరవైరోజులుంది. అడగడానికి నోరు రావడం లేదు. రాత్రుళ్లు అనమ్ ఫీజు గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఇంట్లో ఏమీ చెప్పొద్దు. నాయనకు అసలే చెప్పొద్దు.

బీబీజాన్


రాయచోటి,
5 డిసెంబర్ 2023

అమ్మా బీబీ,

దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. ఉర్దూలో రాయించాను, రఫీ చదివి బాబాకు అరబ్బీలో చెప్పాలి. సలహా ఇచ్చింది నేనని, అమ్మాయి నా మాట మీద చేసిందని, శిక్ష ఏదైనా నాకు రాయమని అందులో ఉంది. సంతకం, సర్వీసు నంబరు వేశాను. తప్పక ఇవ్వు.

"ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను" అని నువ్వు రాసిన ముక్క చదివి కంచం పక్కన పెట్టేశాను. ఎందుకో చెప్తాను. చదివాక నన్ను మామా అని పిలవాలో వద్దో నీ ఇష్టం.

తొంభైనాలుగులో ఆ ఖాళీ తూటా మీ నాయన పోగొట్టలేదు. ఫైరింగు అయ్యాక ఖాళీలన్నీ నేను వంగి ఏరాను. ఒకటి నా ప్యాంటు అంచు మడతలో పడింది. రేంజిలో లెక్క తగ్గింది, మీ నాయన కాల్చిన పాయింటు దగ్గర తగ్గింది. మర్నాడు పొద్దున మీ అత్త ప్యాంటు ఉతకబోయి దులిపితే ఠంగుమని బండ మీద పడింది. ఆమెకు అదేమిటో తెలియదు. నాకు తెలుసు.

తీసుకుపోయి ఇస్తే ఆర్మరర్ చేతిలోకి ఎలా వచ్చిందంటారు. నాకు ఆ పోస్టు వచ్చి నాలుగు నెలలే. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. ఈలోగా మీ నాయనను తూటా అమ్ముకున్నానని సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాడు, ఉద్యోగమే వదిలేశాడు. నన్ను ఆ డిపార్టుమెంటులో చేర్పించింది ఆయనే. నేను ఆ తూటాను పాపాగ్ని ఏట్లో పారేశాను.

ఆ రోజు నుంచి ఖాళీ తూటాలంటే నాకు పిచ్చి పట్టింది. నా భయమంతా తెచ్చి నీ నెత్తిన పెట్టాను. తండ్రిని ముంచాను, ఇప్పుడు కూతురిని ముంచానా అని కూర్చున్నాను.

పీరయ్య


ఖఫ్జీ,
19 డిసెంబర్ 2023

మామకు,

ముందు మంచి కబురు. నీ ఉర్దూ కాగితం రఫీ చదివాడు. బాబా రెండుసార్లు చదివించుకున్నాడు. "శిక్ష ఏదైనా నాకు రాయవలెను" అన్న దగ్గర నవ్వడం మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఇన్నాళ్లూ ముఖం అలా ఎందుకు పెట్టావని మదాం అడిగితే, ఇల్లు కాలిన వాడికి ముఖం ఎలా ఉంటుందన్నాడు. ఆ దిగులు ఇత్తడి మీదేనట, నా మీద కాదట. ఇఖామా సంగతి భయపడుతూ అడిగాను. ధహ్రాన్ నుంచి వచ్చిన మర్నాడే ఫోన్లో చేయించేశాడట. నెల రోజులు నేను ఊరికే చచ్చి బతికాను. సొరుగులోని నాలుగు తూటాలున్నాయి కదా, అవి నింపుతాను, మనవడికి ఒకటి చాలు, అది పేలకపోతే ఇంకొకటి, మిగతా రెండూ నేను వంటింటికి దూరంగా దాచుకుంటాను అన్నాడు. వాన కాలంలో త్రీనాట్‌త్రీ గొట్టం ఎలా కాపాడేవాడో నిన్ను అడిగి రాయమన్నాడు. రంజాన్ పండగయ్యాక రెండు నెలల సెలవు కూడా ఇచ్చాడు.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. నాకు కోపంగా ఉంది మామా. దాచుకుని రాయను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడాదే బడి మానేశాను. మా అమ్మ, నీ సొంత అక్క, నాలుగిళ్లలో గిన్నెలు తోమింది. నువ్వు పండగపండక్కీ మాకు బట్టలు తెచ్చేవాడివి, మా మామ ఎంత మంచివాడని ఊరంతా చెప్పుకున్నాను. ఆ బట్టలన్నీ ఇప్పుడు నా కళ్లకు వేరేగా కనబడుతున్నాయి.

నాకు చెప్పడం సులువు. నేను సముద్రం అవతల ఉన్నాను. మా నాయన నీకు మూడు వీధుల అవతల ఉన్నాడు. రోజూ ఆయన దూది అంగడిలో కూర్చుని టీ తాగుతావు. ఆయనకు చెప్పు. కాగితం రాసి పంపడం కాదు, నీ నోటితో చెప్పు. నేను ఇంట్లో కాలు పెట్టేలోపు ఆయనకు తెలియాలి. లేకపోతే నేను చెప్తాను, అప్పుడు నీకు ఆ అంగడిలో టీ ఉండదు.

మామా అని పిలవడం మానను. వేరే మాట నోటికి రాదు.

బీబీజాన్


రాయచోటి,
4 జనవరి 2024, గురువారం

అమ్మా బీబీ,

చెప్పాను.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులూ మీ నాయన అంగడి దాకా పోయి, టీ తాగి, బావకు వాతావరణం గురించి చెప్పి తిరిగొచ్చాను. ఈ పొద్దున మాత్రం బద్రున్నీసాకు అంతా చెప్పి బయల్దేరాను. ఆమె ముప్పై ఏళ్లకు ఆ ఠంగుమన్న చప్పుడు గుర్తు తెచ్చుకుని, చెప్పేదాకా ఇంటికి రావద్దంది.

బావ దూది ఏకే మిషను నడుపుతున్నాడు. పక్కన కూర్చుని, ఆ తూటా నా ప్యాంటులో దొరికింది బావా, నేనే దాచాను అన్నాను. "ఇనపల్యా" అన్నాడు. మిషను చప్పుడు కదా అని గట్టిగా చెప్పాను. ఆయన మిషను కట్టేశాడు. దూది గాల్లోంచి కిందికి దిగేదాకా చూశాడు. "ఇంగా ఇనపల్యా" అన్నాడు.

మళ్లీ చెప్పాను. టీ బంకు దగ్గరి వాళ్లు తలలు తిప్పారు. సైకిలు షాపు రాము పంపు పక్కన పెట్టి వచ్చాడు. బావ లేచి అంగడి మెట్టు మీద నిలబడ్డాడు. అప్పటికి నాకు అర్థమైంది. ఆయన చెవులు నీ చెవులకన్నా బాగా పనిచేస్తాయి. నేనూ మెట్టెక్కి, పరేడులో కేకేసినట్టు అరిచాను: "తొంభైనాలుగులో పోయిన తూటా నా దగ్గరుండె! మా బావ నన్నే సాహెబ్ దొంగ కాదు! దొంగను నేను!"

బజారు మొత్తం నిలబడిపోయింది. కాళ్లు పట్టుకోబోతే దూది తొక్కొద్దన్నాడు. తర్వాత ఎప్పుడు దొరికిందని అడిగాడు. మర్నాడు పొద్దునే అన్నాను. మెట్టు మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేనే యాడో పారేసుకున్నా అనుకుంటిరా. ఆ పాత యూనిఫారం జేబులు ఎన్నేండ్లు ఎతికినానో నీకేం తెల్సు."

ఆయన నన్ను తిట్టి ఉన్నా, కొట్టి ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదు. మధ్యాహ్నం మీ అమ్మ మా ఇంటికొచ్చి, నాలుగు వీధులకు వినబడేలా ఆ రెండు పనులూ ఆమె చేసింది. సొంత అక్క కాబట్టి పడ్డాను.

బాబాకు చెప్పు, గొట్టం సంగతి వేరే కాగితం మీద రాస్తాను, ఇవాళ కాదు.

సాయంత్రం బావ మనిషిని పంపాడు. క్షమించానని గానీ లేదని గానీ చెప్పి పంపలేదు. రేపు జుమ్మా, నమాజయ్యాక మసీదు ముందర రిటైరైన పోలీసోళ్లందరూ చేరతారు, వాళ్లకు ఇంకా వినబడలేదంట, అక్కడికొచ్చి ఇంకొకసారి చెప్పమన్నాడు. పోతాను. పొద్దుటి అరుపులకు గొంతు బొంగురుపోయింది, మీ అత్త మిరియాల కషాయం కాస్తూ ఉంది.

పీరయ్య